మూడో మెట్టు దాకా ఆగాను

ఈ మధ్య ఒక అమ్మాయి ఫోన్ చేసింది. మిషను స్కూల్లో ప్రార్థనలు, పిల్లల కుటుంబాల మంచిచెడ్డలు చూసే ఉద్యోగంలో నేను ఖాళీ చేసిన కుర్చీలో వచ్చే నెల కూర్చోబోయే అమ్మాయి. "ఆంటీ, స్కూలు చాప్లిన్ అంటే అసలేం చెయ్యాలి?" అని అడిగింది. చేతికిచ్చిన కాగితంలో ఆరు పేరాలున్నాయట, చదివినా తలకెక్కలేదట. నాకూ ఎక్కలేదు, ఇరవై రెండేళ్ళు చేశాను. ఫోన్లో చెప్పే సంగతి కాదు, రాసి పంపుతానన్నాను. ఇదే ఆ రాత. ఇందులో బైబిలు వాక్యాలు తక్కువ, నా తప్పులు ఎక్కువ. వాక్యాలు నీకు వేరే చోట కూడా దొరుకుతాయి.

గిన్నెల దుకాణం చదువు

మా నాన్నకు జగిత్యాలలో గిన్నెల దుకాణం. చుట్టుపక్కల అందరివీ దుకాణాలే. ఒకవైపు చెప్పులు, ఒకవైపు కిరాణా, ఎదురుగా గాజులు. నేను ఎక్కాలు నేర్చుకోకముందే బేరం నేర్చుకున్నాను. నాన్న నేర్పిన వాటిలో రెండు ఇక్కడ చెప్పాలి. ఆ రెండూ నన్ను ముంచబోయాయి కాబట్టి.

మొదటిది, ధర చెప్పేటప్పుడు గిరాకీ ముఖం చూడొద్దు. గిన్నెను చూస్తూ చెప్పాలి. ముఖం చూస్తే మనసు కరుగుతుంది, మనసు కరిగితే ధర కరుగుతుంది.

రెండోది, గిరాకీ "పోత" అని లేస్తే కంగారు పడొద్దు. పోతానన్నవాడు పోవడానికి అనడు, పిలుస్తావేమోనని అంటాడు. మా దుకాణానికి అయిదు మెట్లు. మొదటి మెట్టు మీదే పిలిస్తే అమ్ముకునే గరజు మనకే ఉందని తెలిసిపోతుంది. అయిదు దిగాక పిలిస్తే పక్క దుకాణంవాడు అప్పటికే స్టూలు వేసి ఉంటాడు. మూడో మెట్టు మీద పిలవాలి. అదీ ఒక్కసారే. రెండోసారి పిలిచిన దుకాణదారుకి సగం ధర కూడా దక్కదు అనేవాడు నాన్న.

మా ఆయనకు రైల్వేలో, సిగ్నళ్ళ విభాగంలో ఉద్యోగం. పెళ్ళయి సూరత్ వచ్చాను. మూడేళ్ళ వేదాంతం కోర్సు చదివి ఉన్నానని, తెలుగు వచ్చునని అమ్రోలీ దగ్గరి ఈ మిషను స్కూల్లో తీసుకున్నారు. వాళ్ళకు కావలసింది వేదాంతం కాదు, తెలుగు. కోసాడ్ కాలనీల నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది మనవైపు నుంచి సాంచాల మీద, అంటే బట్ట నేసే మరమగ్గాల మీద, పని చేయడానికి వచ్చినవాళ్ళ పిల్లలు. ఆ తల్లులకు గుజరాతీ రాదు, టీచర్లకు తెలుగు రాదు. సగంరోజు పని చేసి పూర్తి జీతం తీసుకునేలా బేరం కుదుర్చుకున్నానని ఇంటికొచ్చి గొప్పలు చెప్పాను. మొదటి నెల గడిచేసరికి తెలిసింది, నేను సగం జీతానికి పూర్తి రోజు ఒప్పుకున్నానని.

ఇక్కడ అమ్మేదేమీ లేదు

అప్పటి ప్రిన్సిపాల్ అన్నమ్మ మేడం. మలయాళీ. పొట్టి మనిషి, హిందీలో ఎంత నెమ్మదిగా మాట్లాడితే అంత కోపంగా ఉన్నట్టు. చేరిన రెండో నెలలో నేనొక పిల్ల ఇంటికి వెళ్ళాను. ముసలావిడ మంచం పట్టి ఉంది. ఎవరినీ అడగకుండా కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. మంచి ప్రార్థనే, పొడుగు కూడా. కళ్ళు తెరిచేసరికి గుమ్మం దగ్గర పక్కింటివాళ్ళు నలుగురు నిలబడి ఉన్నారు. మర్నాటి నుంచి ఆ ఇంటి పిల్ల నాలుగు రోజులు బడికి రాలేదు.

అన్నమ్మ మేడం పిలిచింది. "నువ్వు దుకాణందారు కూతురివని తెలిసే తీసుకున్నాను," అంది నెమ్మదిగా. "ఒకటి గుర్తుపెట్టుకో. ఇక్కడ దేవుణ్ణి అమ్మకూడదు. కొంటామని వచ్చినా సరే, అమ్మకూడదు. అడిగితే ప్రార్థన చెయ్యి. అడక్కపోతే కూర్చో."

"ఊరికే కూర్చుంటే ఏం లాభం మేడం?" అన్నాను. ఆ లాభం అన్న మాట నా నోట్లోంచి రావడం ఆవిడ విన్నది.

అందుకని తరవాత నా పని చాలావరకు కూర్చోవడమే. ప్లాస్టిక్ స్టూలు మీద, చాప మీద, ఆసుపత్రి వరండాలో నేల మీద. ఆసుపత్రి కాగితం చదివిపెట్టడం, లైన్లో నిలబడటం, అల్లుడు కొట్టాడని చెప్పలేక చెబుతున్న తల్లి ముందు టీ చల్లారబెట్టుకోవడం. కూర్చోవడం తేలికనుకోకు. మనం కూర్చున్న ఇంటి సంగతి మనకు తెలుస్తుంది, వెళ్ళని ఇళ్ళలో ఏం జరుగుతోందో తెలియదు. ఆ భయం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. రిటైరయ్యాక పోతుందనుకున్నాను. ఫోన్ మోగితే ఇప్పటికీ మొదట చేతులు తుడుచుకుంటాను, తడిగా ఉన్నా లేకపోయినా.

టీసీ కోసం వచ్చిన మనిషి

ఇక అసలు సంగతి. అప్పటికి నేను ఈ పనిలో పండిపోయానని అనుకుంటున్న రోజులు.

శ్రావణి ఎనిమిదో తరగతి. తండ్రి మల్లేశం సాంచాల మీద పని. తల్లి పద్మ ఇంట్లోనే రింగ్ రోడ్ మార్కెట్ చీరలకు రాళ్ళు అంటిస్తుంది. సిరిసిల్ల వైపు మనుషులు. మల్లేశం పని పోయిందని నాకు తెలుసు, ఎందుకు పోయిందో తెలియదు. అడగాలనుకున్నాను, వారం వాయిదా వేశాను.

ఆ రోజు పదిన్నరకు నా గదికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఏమీ లేదు. మామూలుగానే పెద్ద గొంతు, సాంచాలవాళ్ళందరిదీ అంతే.

"మేడం, బిడ్డ టీసీ గావాలె."

"ఎందుకు మల్లేశం?"

"ఊరికి తోలుత. మా అక్క తాన ఉంటది."

అంతే, నాలోని దుకాణం తలుపులు తెరుచుకున్నాయి. వచ్చినవాడు పిల్లను మాన్పించడానికి రాలేదు, ఆదుకోమని అడగలేక టీసీ అంటున్నాడు అనుకున్నాను. అలాంటివాళ్ళను చాలామందిని చూశాను. టీసీ ఫారం తీసి ముందు పెట్టుకున్నాను. దాని మీదే కళ్ళు పెట్టి చెప్పాను: పరీక్షలు రెండు నెలల్లో ఉన్నాయి, నడుమ మాన్పిస్తే ఏడాది పోతుంది, ఫీజు మాట నాకు వదిలెయ్, నీకు కూడా ఏదో పని చూద్దాం, నిదానంగా ఆలోచించుకో. మంచి మాటలే అన్నీ. అన్నీ కాగితానికి చెప్పాను.

"సరే మేడం," అన్నాడు.

బేరం కుదిరిందనుకున్నాను. అంతలోనే, "మరి టీసీ?" అన్నాడు.

నాకు చిర్రెత్తింది. గట్టివాడే అనుకున్నాను. తల ఎత్తకుండానే, "శుక్రవారం రా, అప్పుడు చూద్దాం," అన్నాను.

కాసేపు నిలబడ్డాడు. "ఇగ పోత మేడం," అన్నాడు.

మా ఆఫీసు వరండాకు కూడా అయిదే మెట్లు. కుర్చీలోంచి కనబడతాయి. ఒకటి దిగాడు. రెండు. మూడో మెట్టు మీద పిలిచాను. "మల్లేశం."

ఆగలేదు. తల కూడా తిప్పలేదు. నాలుగు, అయిదు, గేటు.

రెండోసారి పిలవలేదు. మా నాన్న నేర్పలేదు కదా.

పోత అన్నడా, పోయొస్త అన్నడా

ఒంటిగంటకు పద్మ ఫోన్ చేసింది.

"మేడం, మా ఆయన మీ తానకు వచ్చిండా?"

"వచ్చాడు. ఎప్పుడో వెళ్ళిపోయాడు."

"ఇంటికి రాలే. ఫోను ఈడనే గూట్ల పెట్టి పోయిండు. ఎన్నడు అట్ల పోడు." చీరల మీద రాళ్ళు అద్దే చప్పుడు లేదు ఫోన్లో. ఎప్పుడు మాట్లాడినా అది వినబడేది. "ఏమన్నడు మేడం మీతోని?"

"టీసీ అడిగాడు. శుక్రవారం రమ్మన్నాను. పోత అని వెళ్ళాడు."

పద్మ చాలా మెల్లగా అడిగింది. "పోత అన్నడా, పోయొస్త అన్నడా?"

నేను తెలుగుదాన్నే. గడప దాటుతూ పోత అనకూడదని మా అమ్మ నన్ను ఎన్నిసార్లు వెనక్కి పిలిచి పోయొస్త అనిపించిందో లెక్కలేదు. కానీ గడప ఇంటికి ఉంటుంది, దుకాణానికి మెట్లే ఉంటాయి. నేను ఆ మాటను మెట్ల మీద విన్నాను.

"పోత అన్నాడు," అన్నాను. "నేను పిలిచాను పద్మా. ఆగలేదు."

"యెనకనుంచి పిలిస్తె ఆయనకు ఇనబడది మేడం."

అప్పుడు చెప్పింది. మల్లేశం చెవులు పోయి ఏడాది దాటింది. ఇరవై ఏళ్ళు సాంచాల నడుమ ఉన్నాడు, కొంచెం కొంచెంగా పోయాయి. ఎదురుగా ఉంటే పెదవులు చూసి పోల్చుకుంటాడు. చెప్పొద్దన్నాడు, సేటుకు తెలిస్తే తీసేస్తాడని. ఒకరోజు మోటారు దగ్గర పొగ వచ్చి కరెంటు ఆపేశారు. అందరూ అరుస్తూ బయటికి పరిగెత్తారు. ఈయన కరెంటు పోయిందనుకుని తెగిన పోగు ముడివేస్తూ కూర్చున్నాడు. ఎవరో లోపలికి వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు. ఆ సాయంత్రమే పని పోయింది.

అంటే పొద్దున నేను తల వంచాక ఆయనకు అందింది ఏమీ లేదు. నా పాపిట చూస్తూ నిలబడ్డాడు. ఫీజు మాట, పని మాట, ఏదీ చేరలేదు. సరే అన్నది మర్యాదకు. ఆయన చూసింది టీసీ ఫారం బయటికి రావడం, నేను తల ఎత్తకపోవడం, అంతే.

మా ఆయన రైల్వేలో పని చేస్తారని చెప్పాను. ఇంటికి ఏవేవో కబుర్లు తెస్తారు, చెవిలో వైర్లు పెట్టుకుని పట్టాల వెంబడి నడిచేవాళ్ళ కబుర్లు. కోసాడ్ నుంచి మా స్కూలుకు దగ్గరి దారి పట్టాలు దాటే వస్తుంది.

మా ఆయనకు ఫోన్ చేశాను. అటు ఏమైనా కబురు వచ్చిందా అని అడగలేక, "భోంచేశారా," అన్నాను. ఆయన ఇన్నేళ్ళు నాతో కాపురం చేసిన మనిషి. "ఎవరు?" అన్నారు. చెప్పాను. కనుక్కుని రెండు నిమిషాల్లో చేశారు. "ఈ పొద్దు ఏమీ లేదు. ఇప్పటిదాకా."

ఆ ఇప్పటిదాకా అన్నది ఆయన ఊరికే చేర్చిన మాట. ఉద్యోగపు అలవాటు. ఆ మాటతో మధ్యాహ్నమంతా తిరిగాను.

అన్నమ్మ మేడం శ్రావణిని క్లాసులోంచి పంపించింది. రిక్షా ఎక్కాం. రిక్షావాడు చెప్పిన ధరకు సరే అన్నాను, జన్మలో మొదటిసారి. వాడే అనుమానంగా వెనక్కి తిరిగి చూశాడు. దారిలో దేవుడితో మాత్రం బేరం ఆపలేదు. మనిషిని చూపించు, కూరగాయల బండి దగ్గర కొసరు అడగను. ఇంకా కావాలంటే ప్రిన్సిపాల్‌తో వాదన కూడా మానేస్తాను. ప్రార్థన ఎలా చెయ్యాలో మూడేళ్ళు చదివిన మనిషిని, చేసింది ఇది.

పట్టాలు దాటే చోట దిగాం. అక్కడ మేకలు కాసే ముసలాయన ఒకడున్నాడు. అడిగితే చేతులు ఊపుతూ గుజరాతీలో చెప్పాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి పొద్దున చాలాసేపు కూర్చున్నాడు, తరవాత లేచి వంతెన వైపు వెళ్ళిపోయాడు.

వంతెన అంటే కింద తాపీ నది.

"మేడం, ఏక్ మినిట్," అంది శ్రావణి. పెదవి కొరుక్కుంటూ ఆలోచించింది. "వంతెన అవతల కతర్‌గామ్ సైడ్‌ల మా ఊరి కాకా ఉంటడు. సాంచాల కార్ఖానా. పప్పా అక్కడికి వెళ్ళిండేమో."

"పని కోసమా?"

"కాదు మేడం. అక్కడ ఎవరికీ సునాయీ నహీ దేతా, ఇనబడదు కదా. ఇంత ఆవాజ్ ఉంటది. అందరూ చేతులతోనే మాట్లాడుకుంటరు. అక్కడ పప్పాకు అందరి మాటలు సమజ్ అయితయి."

సాంచాల మధ్య

ఇన్నేళ్ళు సాంచాల మనుషుల మధ్య పని చేసి, నడుస్తున్న సాంచాల షెడ్డులోకి అంతవరకు ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. ఇళ్ళకు వెళ్ళాను, ఆసుపత్రులకు వెళ్ళాను. వాళ్ళు రోజుకు పన్నెండు గంటలు ఉండే చోటు మాత్రం చూడలేదు. ఈ పనిలోకి వచ్చినవాళ్ళు మొదటి వారమే చూడాల్సింది అది.

తలుపు తీయగానే చప్పుడు ఛాతీ మీద తగిలింది. శ్రావణి ఏదో అంది, నోరు కదలడం కనబడింది, అంతే. రెండు వరసల మధ్య సన్నటి దారి. అటు చివర ఇద్దరు మనుషులు వేళ్ళతో ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. వాళ్ళ పక్కన, గోడకు ఆనుకుని, మల్లేశం. ఆయనా నవ్వుతున్నాడు.

వెనకనుంచి పిలిచే ఆలోచన ఈసారి రాలేదు. ముందుకు వెళ్ళి నిలబడ్డాను. ముఖం ఎత్తి, "బయటికి రా," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఆయన వెంటనే తల ఊపి ఏదో జవాబు చెప్పాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. చెవి మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

బయట కుళాయి దగ్గర కూర్చున్నాం. శ్రావణి తండ్రి చొక్కా చెయ్యి పట్టుకుని వదల్లేదు. పద్మకు ఫోన్ చేశాను, దొరికాడని. అవతల ఫోన్ కింద పెట్టేసి ఏడవడం వినబడింది. తరవాత పిల్లను గ్లాసు తెమ్మని లోపలికి పంపాను.

నేరుగా అడిగాను. ఆయన కళ్ళలోకి చూస్తూ, మెల్లగా. "పొద్దున చచ్చిపోదామనుకున్నావా?"

ఇది బాగా గుర్తుపెట్టుకో అమ్మాయ్. ఈ ప్రశ్న అడగడానికి అందరం భయపడతాం, అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. అలా పుట్టదు. ఉన్నది బయటికి వస్తుంది, లేకపోతే లేదంటారు.

మల్లేశం కుళాయి వైపు చూశాడు. "పట్టాల కాడ కూసున్న మేడం. మీరు గూడ ముఖం జూడకపోతిరి. ఇగ ఎవలు జూస్తరు అనుకున్న." చెప్పు విడిచి అరికాలు నేలకు ఆనించాడు. "బండి వస్తుంటె పట్టాలు గదులుతయి. ఇనబడకున్న కాళ్ళకు తెలుస్తది. సాంచాల కాడ గూడ గంతే. తెలిసింది. లేచిన."

"ఎందుకు లేచావు?"

"కాళ్ళే లేచినయి," అన్నాడు.

ఆయన అడగలేదు, నేను ప్రార్థన చేయలేదు. క్షమించమని మాత్రం అడిగాను. అర్థం కాలేదేమో అని మళ్ళీ అడిగాను. "రెండుమాట్ల ఎందుకంటరు మేడం, మొదటిమాటే సమజైంది," అన్నాడు.

తరవాత

ఆ రోజు ఆయన్ని ఒక్కణ్ణీ వదల్లేదు. పద్మ తమ్ముణ్ణి పిలిపించాం. రెండోరోజు పెద్ద ఆసుపత్రిలో చెవుల డాక్టరు దగ్గరా కూర్చున్నాం, మనసుకు చూసే డాక్టరు దగ్గరా కూర్చున్నాం. చెవులు తిరిగి రావన్నారు. చెవి మిషను ఇచ్చారు, దాన్ని పెట్టుకుంటే అన్ని చప్పుళ్ళూ ఒకేసారి వచ్చి తల పగులుతోందని డబ్బాలో పెట్టాడు. రింగ్ రోడ్‌లో ఒక గోదాములో చీరలు మడతపెట్టే పని దొరికింది. సాంచాల మీద వచ్చినంత రాదు. అంతా చక్కబడిందని నేను చెప్పను. రెండేళ్ళ పాటు వారానికొకసారి ఆ ఇంటికి వెళ్ళాను, వెళ్ళిన ప్రతిసారీ వీధి మలుపు దగ్గర ఆగి, చొక్కా ఆరేసి ఉందా అని దండెం చూసేదాన్ని.

సగం నింపిన ఆ టీసీ ఫారం నా సొరుగులోనే ఉండిపోయింది. శ్రావణి పది మా దగ్గరే పాసైంది.

అన్నమ్మ మేడంకు జరిగినదంతా చెప్పాను. ఉద్యోగం పోతుందని తయారై వెళ్ళాను. విని, "రేపట్నుంచి నీ కుర్చీ ఇటు తిప్పి వేసుకో," అంది. కిటికీ వెలుగు నా ముఖం మీద పడేలా. అది అలాగే ఉంది. నువ్వు మార్చకు.

నా ఆఖరి రోజున మల్లేశం కుటుంబం వచ్చింది. టీ, సమోసా, ఒక శాలువా అయ్యాయి. నాకు వీడ్కోళ్ళు చేతకావు. సంచిలో కళ్ళజోడు వెతుక్కుంటున్నట్టు తల సగం వంచుకుని, "ఇగ పోత మల్లేశం," అని మెట్లు దిగడం మొదలుపెట్టాను.

మూడో మెట్టు దగ్గరకు వచ్చేసరికి ఆయన ఎదురుగా ఉన్నాడు. పక్కనుంచి గబగబా దిగి, నాకంటే రెండు మెట్లు కింద నిలబడి, నా నోటి వైపు చూస్తున్నాడు.

"ఏమన్నరు మేడం?"

"పోయొస్త అన్నా."

"అనలె," అన్నాడు. గేటు దాకా వినబడే గొంతు. "పోయొస్త అంటె పెదాలు రెండుమాట్ల గుండ్రంగ తిరుగుతయి. మీయి ఒక్కమాటే తిరిగినయి."

పద్మ అటు తిరిగి నవ్వు ఆపుకుంటోంది. ఆయన మాత్రం నవ్వడం లేదు. దారి ఇవ్వలేదు.

సంచి భుజానికి వేసుకుని, తల ఎత్తి, ఆయనకు బాగా కనబడేలా మళ్ళీ అన్నాను. రెండుసార్లు తిరిగిందో లేదో చూసుకుని, అప్పుడు పక్కకు జరిగాడు.